నిజం తెలిసిన అమ్మాయికి ఐదు నిమిషాలు ఇవ్వండి: తెలుగు సినీ రచయితలకు, దర్శకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కథా రచయితలకు, మాటల రచయితలకు, దర్శకులకు నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పదిహేడేళ్లుగా తెలుగు చెబుతున్నాను. మీ సినిమాలు టికెట్టు కొని థియేటర్లో చూసే మనిషిని. రెండేళ్ల క్రితం ఒక ప్రేమకథ చూసొచ్చి, దాన్ని తీసిన సంస్థకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఇంకోటి రాశాను, దానికీ రాలేదు. తర్వాత ఒక సినిమా యూనిట్ ప్రచారానికి మా ఊరు వస్తే, మైకు అడిగి తీసుకుని అదే ప్రశ్న వేశాను. "మేడమ్, ఇది కామెడీ సినిమా, అంత సీరియస్‌గా తీసుకోకండి" అన్నారు. హాలంతా నవ్వింది. అందుకే ఈసారి ఏ ఒక్కరికో కాకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

నా ప్రశ్న ఇది. హీరో సినిమా అంతా అబద్ధం ఆడతాడు. పేరు మార్చుకుంటాడు. లేని ఉద్యోగం ఉందంటాడు. డ్రైవరుగానో అకౌంటెంటుగానో అమ్మాయి ఇంట్లో చేరతాడు. రెండు గంటలు మేం నవ్వుతాం. చివరి ఇరవై నిమిషాల్లో నిజం బయటపడుతుంది. అమ్మాయి చెంప మీద ఒక్కటి కొడుతుంది, లేదా ఏడుస్తూ వెళ్లిపోతుంది. సరిగ్గా అప్పుడే విలన్ మనుషుల బళ్లు వచ్చి ఆగుతాయి. ఫైట్. హీరోకి కత్తిపోటు. ఐసీయూ అద్దానికి ఇవతల అమ్మాయి నిలబడి ఉంటుంది. హీరో కళ్లు తెరుస్తాడు, ఆమె నవ్వుతుంది, పెళ్లి పందిరి. కత్తిపోటు లేని కథల్లో హీరో స్నేహితుడు వచ్చి "వాడు నీకోసమే ఇదంతా చేశాడు" అని రెండు డైలాగులు చెబుతాడు, అమ్మాయి ఎయిర్‌పోర్టుకి పరిగెత్తుతుంది. అదీ కాకపోతే "నాకు ముందే తెలుసు" అంటుంది.

ఇన్నాళ్లు మోసపోయిన మనిషి, మోసం చేసిన మనిషి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సీన్ ఏది? ఆమె ఏం అడగాలనుకుంది? అతను ఏం చెప్పగలిగేవాడు? ఆ సీన్ ఎందుకు రాయడం లేదు?

అబద్ధాల మీద కథలు అల్లొద్దని నేను అనడం లేదు. మన హాస్యమే దాని మీద నిలబడింది. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో ఉద్యోగాల కోసం ఇద్దరు పరాయివాళ్లు భార్యాభర్తలమని చెప్పుకుని ఒక మంచి కుటుంబం నీడలో బతుకుతారు. 1987లో 'అహ నా పెళ్ళంట'లో పిసినారి మామను మెప్పించడానికి హీరో తనూ పిసినారిగా నటిస్తాడు. వీటిని మా ఇంట్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. 1962 నాటి 'గుండమ్మ కథ' అంటే నాకు ప్రాణం. అయినా అందులో ఒక విషయం కొన్నేళ్లుగా మనసులో ముల్లులా ఉంది. గుండమ్మ కూతురు సరోజ గర్వం అణచడానికి భర్త పేదవాడిగా నటిస్తాడు, ఆమెతో తోటపని చేయిస్తాడు. నాటకమని తెలిసిన కాసేపటికే అందరూ కలిసిపోతారు. సరోజ తప్పు ఉందనుకుందాం. కానీ అన్ని రోజులు భర్తే తనను నమ్మించాడని తెలిసినప్పుడు ఆమె లోపల ఏం జరిగిందో మనకు కనపడదు. చిన్నప్పుడు నాకు ఇది తట్టలేదు. మా చెల్లికి జరిగాక తట్టింది.

చెల్లి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు, ఊర్లు రాయను.

అబ్బాయికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అన్నారు. ఐడీ కార్డు చూపించారు, జీతం కాగితాలు చూపించారు. పెళ్లి చేశాం. అసలు సంగతేమిటంటే, పెళ్లికి ఆరు నెలల ముందే ఆ ఉద్యోగం పోయింది. పెళ్లయ్యాక పదకొండు నెలలు అతను రోజూ పొద్దున ఎనిమిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఆ పాత కార్డు వేసుకుని బయటికి వెళ్లేవాడు, సాయంత్రం ఏడింటికి వచ్చేవాడు. మా చెల్లి ఐదున్నరకి లేచి బాక్సు కట్టేది. నెలనెలా జీతమని ఇంట్లో ఇచ్చింది అప్పు చేసి తెచ్చిన డబ్బు. ఒకరోజు అప్పు వసూలు చేసేవాళ్లు చెల్లి ఫోనుకు ఫోన్ చేశారు. అలా తెలిసింది.

మా ఇంట్లో పెద్దమనుషులు కూర్చున్నారు. రెండు వైపులా కలిపి పదిమంది. చెల్లి వంటింట్లో టీ పెడుతోంది. రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది. రెండుసార్లూ మా పెదనాన్న "నువ్వు లోపలికెళ్లమ్మా, మేం మాట్లాడుతున్నాంగా" అన్నారు. అబ్బాయి మేనమామ "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు, ఇదేం కొత్తా" అన్నారు. అప్పు ఎవరు తీర్చాలో తేలింది, కొత్త ఉద్యోగం ఎవరు చూడాలో తేలింది. అందరూ భోంచేశారు. మర్నాడు చెల్లిని బస్సు ఎక్కించాం. ఎక్కించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

బస్టాండులో చెల్లి నాతో ఒక్క మాట అంది. "అక్కా, నేను కట్టిన బాక్సు రోజూ ఎక్కడ కూర్చుని తిన్నాడో అడగాలి. ఒక్కరోజైనా ముద్ద గొంతులో అడ్డం పడలేదా అని అడగాలి."

తొమ్మిదేళ్లయింది. వాళ్లు కలిసే ఉన్నారు. అతనికి ఇప్పుడు నిజంగానే ఉద్యోగం ఉంది, చెల్లిని బాగానే చూసుకుంటాడు. అతను దుర్మార్గుడని నేను చెప్పడం లేదు. కానీ ఆ ప్రశ్న చెల్లి ఇంకా అడగలేదు. టీవీలో మీ సినిమా వస్తుంటే నవ్వుతూ చూస్తుంది. నిజం బయటపడే చోటు దగ్గరకొచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్తుంది. పెళ్లి పాట మొదలయ్యాక తిరిగి వస్తుంది.

ఒక్క సినిమా వల్ల మా ఇంట్లో ఇలా జరిగిందని నేను అనను. వెయ్యి అబద్ధాల సామెత సినిమా కంటే చాలా పాతది. కానీ మా పెద్దవాళ్లు ఆరోజు నడిపించింది అచ్చం మీ చివరి ఇరవై నిమిషాలే. నిజం తెలిసింది, మధ్యలో వేరే హడావుడి వచ్చింది, అందరూ కలిసిపోయారు. ఆమె మాట్లాడలేదు. దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో నాకు తెలిసినంతలో చెబుతాను.

1. బాధపడటానికి సమయం అడిగిన అమ్మాయి మొండిదైపోతోంది. మీ కథలో క్షమాపణకు పట్టే సమయం ఒక పాట. బయట కూడా అంతే పట్టాలని అందరూ అనుకుంటున్నారు. "సారీ చెప్పాడుగా, ఇంకా ఏంటి" అనే మాట నేను ఎన్ని ఇళ్లలో విన్నానో. మోసపోయినదానికి బాధ ఒకటి, త్వరగా మామూలు మనిషి కాలేకపోయినందుకు నింద ఒకటి. మొన్న క్లాసులో, భార్యనని వచ్చిన శకుంతలను దుష్యంతుడు ఎరగనన్న శకుంతలోపాఖ్యానం చెబుతుంటే ఒక కుర్రాడు లేచి "దుష్యంతుడు చివరికి ఒప్పుకున్నాడు కదా మేడమ్, మరి ఆవిడ అన్ని మాటలు ఎందుకు అనాలి?" అన్నాడు. చెడ్డ పిల్లాడేమీ కాదు, బాగా చదువుతాడు. వాడు అలా అడగడమే నాకు దిగులు పుట్టించింది.

2. ఇది చాలామందికి తెలియని విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తాను. 'మిస్సమ్మ' వచ్చిన 1955లోనే హిందూ వివాహ చట్టం కూడా వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం, తనకు సంబంధించిన ముఖ్యమైన విషయాన్ని దాచి మోసంతో పెళ్లికి ఒప్పిస్తే, ఆ పెళ్లిని రద్దు చేయమని మోసపోయినవాళ్లు కోర్టును అడగొచ్చు. ప్రతి అబద్ధానికీ పెళ్లి రద్దు కాదు, ఏది ముఖ్యమైన విషయమో కోర్టే తేలుస్తుంది. కానీ దీనికి రెండు షరతులు ఉన్నాయి. మోసం తెలిసిన రోజు నుంచి ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. తెలిసిన తర్వాత కూడా ఇష్టపూర్వకంగా భార్యాభర్తలుగా కలిసి ఉంటే ఇక ఆ దారి మూసుకుపోతుంది. అంటే "ముందు కాపురానికి వెళ్లు, తర్వాత చూద్దాం" అని పంపించే ప్రతి పెద్దమనిషీ, తనకు తెలియకుండానే, ఆ అమ్మాయి చేతిలో ఉన్న హక్కును లాగేసుకుంటున్నాడు. కోర్టుకు వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆ నిర్ణయం తీసుకోవాలంటే ముందు ఆమె నోరు తెరిచి అడగాలి, అతను జవాబు చెప్పాలి. మా చెల్లి విషయంలో నాకే ఈ సెక్షన్ సంగతి మూడేళ్ల తర్వాత తెలిసింది.

ఇంకో మాట. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేరాల చట్టం, భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది. అసలు గుర్తింపు దాచి పెళ్లాడి శారీరక సంబంధం పెట్టుకోవడాన్ని అందులో మోసం కింద లెక్కగట్టారు. పదేళ్ల వరకూ జైలుశిక్ష పడొచ్చు. చట్టం ఇంత బరువుగా చూసే విషయానికి కథలో ఐదు నిమిషాలు కేటాయించలేమా?

3. మగపిల్లలకు తప్పు ఒప్పుకోవడం రావడం లేదు. ఎలా వస్తుంది? వాళ్లు చూసిన హీరో ఎప్పుడూ నిజం చెప్పడు, దొరికిపోతాడు. దొరికాక కూడా తన నోటితో వివరణ ఇవ్వడు. స్నేహితుడు ఇస్తాడు, తల్లి ఇస్తుంది, రక్తం కారుతున్న గాయం ఇస్తుంది. మా మరిదినే తీసుకోండి, అతను కూడా ఈ తొమ్మిదేళ్లలో ఆ పదకొండు నెలల గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాలని ఉండి ఉండొచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోయి ఉండొచ్చు. అలాంటి సీన్ ఒక్కటి ఎక్కడైనా చూసి ఉంటే, ఒక మాట దొరికేదేమో.

4. పెద్దవాళ్లూ మనుషులే. కామెడీ కోసం ఇంటిల్లిపాదినీ ఆడించిన కథల్లో, నమ్మి అన్నం పెట్టిన మామయ్యకి, బాబాయికి, నాయనమ్మకి చివర్లో కనీసం ఒక క్షమాపణ కూడా ఉండదు.

మీరు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. సీరియస్ సీన్ పెడితే నవ్వు చచ్చిపోతుంది అంటారు. నిడివి పెరుగుతుంది అంటారు. క్లైమాక్స్‌లో మాటలు పెడితే జనం లేచిపోతారు అంటారు.

జనం లేచిపోలేదు. 2006లో 'బొమ్మరిల్లు' క్లైమాక్స్ ఏమిటి? ఇంటి హాల్లో తండ్రీ కొడుకూ మాట్లాడుకోవడం. అన్నాళ్లూ తండ్రికి చెప్పకుండా దాచుకున్నదంతా కొడుకు బయటపెట్టాడు, తండ్రి నిలబడి విన్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సినిమాలో జనానికి ముందు గుర్తొచ్చేది ఆ సీనే. 2013లో 'అత్తారింటికి దారేది'లో మేనల్లుడు డ్రైవరుగా అత్త ఇంట్లో చేరతాడు. అంత పెద్ద హీరో సినిమా, కథ తేలింది మాత్రం రైల్వేస్టేషన్‌లో అత్త ఎదుట నిలబడి మాట్లాడిన మాటలతో. మా ఊళ్లో ఆ సీన్‌కు ఈలలు ఆగి, హాలు నిశ్శబ్దమైపోవడం నేను చూశాను. 2022లో 'అంటే సుందరానికీ' కూడా ఉంది. కులం, మతం అడ్డొస్తాయని ప్రేమికులిద్దరూ ఇళ్లలో చాలా పెద్ద అబద్ధాలు చెబుతారు. తనకు పిల్లలు పుట్టరని అతను, తను గర్భవతినని ఆమె. ఆ అబద్ధాలు పెద్దవాళ్లను ఎలా కుంగదీశాయో చూపించడానికి ఆ సినిమా సమయం తీసుకుంది. నిడివి ఎక్కువైందని విమర్శలు వచ్చాయి, నిజమే. నాకు మాత్రం ఆ సమయమే విలువైనదిగా అనిపించింది. చేతకాక కాదు మీరు రాయనిది. తండ్రీకొడుకులకు, అత్తా మేనల్లుళ్లకు రాశారు. ప్రేమించి మోసపోయిన అమ్మాయి దగ్గరకు వచ్చేసరికే కలం ఆగిపోతోంది.

ఇంగ్లీషు సినిమాల్లోనూ ఇంతే కదా అని ఒక మిత్రుడన్నాడు. నిజమే, 1998 నాటి 'యూ హ్యావ్ గాట్ మెయిల్'లో తన పుస్తకాల షాపు మూతపడటానికి కారణమైనవాడే తను ప్రేమగా ఈమెయిళ్లు రాసుకున్నవాడని హీరోయిన్‌కు చివర్లో తెలుస్తుంది. అతనికి ఎప్పుడో తెలుసు, చెప్పలేదు. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయదు. కానీ దానికి మూడేళ్ల ముందు వచ్చిన 'వైల్ యూ వర్ స్లీపింగ్'లో, కోమాలో ఉన్న మనిషికి కాబోయే భార్యగా చలామణి అయిన అమ్మాయి, పెళ్లి జరుగుతుండగా కుటుంబం మొత్తం ఎదుట నిలబడి తనే నిజం చెబుతుంది. అదీ ప్రేమ కామెడీయే. ఎవరూ నవ్వడం మానలేదు.

అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ తెలుగు చేసిన భారతంలోనే ఆ సీన్ ఉంది. గాంధర్వ వివాహం చేసుకుని, కొడుకుతో సహా వచ్చిన భార్యను దుష్యంతుడు తెలిసి తెలిసి ఎరగనంటాడు. శకుంతల సభ మధ్యలో నిలబడి అడుగుతుంది. నూరు బావుల కంటే, నూరు యజ్ఞాల కంటే, చివరికి నూరుగురు కొడుకుల కంటే కూడా ఒక్క నిజమైన మాట మేలు అని చెబుతుంది. ఆకాశవాణి వచ్చి సమస్య తేల్చేస్తుంది, నిజమే. కానీ ఆకాశవాణి ఆమె మాట్లాడాకే వచ్చింది, ముందు రాలేదు. నన్నయ ఆమెను పూర్తిగా మాట్లాడనిచ్చాడు.

నవ్వు చచ్చిపోతుందన్న దానికీ మన దగ్గర జవాబుంది. నంది తిమ్మన 'పారిజాతాపహరణం' కావ్యంలో సత్యభామ సంగతి చూడండి. తనను అంతలా నమ్మించి కృష్ణుడు పారిజాతం పువ్వు రుక్మిణికి ఇచ్చాడని అలకటింట్లో చేరిన సత్యభామ కాళ్ల మీద పడ్డ కృష్ణుడి తల తన్నేస్తుంది. తెలుగువాళ్లు ఐదువందల ఏళ్లుగా ఆ సన్నివేశం చూసి నవ్వుతున్నారు, మెచ్చుకుంటున్నారు. కూచిపూడి భాగవతులు భామాకలాపం ఆడితే ఊరంతా తెల్లవార్లూ కూర్చునేది ఆమె కోపం చూడటానికే. కోపాన్నీ హాస్యాన్నీ ఒకే పళ్లెంలో వడ్డించడం మన భాషకు ఎప్పటినుంచో తెలుసు.

కాబట్టి మిమ్మల్ని ఇవి అడుగుతున్నాను.

1. దీర్ఘకాలం సాగిన మోసం మీద కథ నడిపితే, నిజం తెలిసాక మోసపోయిన మనిషి, మోసం చేసిన మనిషి ఇద్దరే ఉండే సీన్ ఒకటి రాయండి. ఐదు నిమిషాలు చాలు. ఫోన్ మోగకూడదు, విలన్ రాకూడదు, స్నేహితుడు తలుపు తట్టకూడదు. ఆమె అడిగేవి చిన్న చిన్న ప్రశ్నలైనా ఫర్వాలేదు. నిజంగా మోసపోయినవాళ్లు పెద్ద పెద్ద డైలాగులు చెప్పరు, బాక్సు ఎక్కడ తిన్నావు అనే అడుగుతారు.

2. నిజాన్ని హీరో తన నోటితో చెప్పాలి. ప్రతి కథలో కుదరదని ఒప్పుకుంటాను. దొరికిపోయిన తర్వాతైనా వివరణ అతనిదే కావాలి, ఇంకొకరిది కాదు.

3. క్షమాపణను గాయంతో ముడిపెట్టకండి. హీరో చావు బతుకుల్లో ఉంటే ఏ అమ్మాయైనా ఏడుస్తుంది. అది క్షమించడం కాదు. "నాకు కొన్నాళ్లు కావాలి" అనే హీరోయిన్‌ను చూపించండి, ఆ కొన్నాళ్లు అతను ఎదురు చూడటం చూపించండి. ఒక్కోసారి ఆమె "వద్దు" అనడం కూడా రాయండి.

4. దర్శకులకు, ఎడిటర్లకు ఒక విన్నపం. విడుదలయ్యాక నిడివి తగ్గించాల్సి వస్తే ముందుగా కత్తెర పడేది ఈ మాటల సీన్ల మీదే. దయచేసి ఫైట్‌లో రెండు నిమిషాలు తీయండి.

5. రచయితల సంఘం వారు దీని మీద ఒక్క పూట చర్చ పెట్టండి. ఫ్యామిలీ కోర్టు లాయర్లను, కౌన్సెలింగ్ చేసేవాళ్లను, ఇలాంటి పెళ్లిళ్లలో ఉన్న ఒకరిద్దరు ఆడవాళ్లను, మగవాళ్లను కూడా పిలవండి. మగవాళ్లు మోసపోయిన పెళ్లిళ్లూ ఉన్నాయి, వాళ్లకైతే అడిగితే పరువు పోతుందనే భయం ఇంకోటి. వాళ్లు ఏం అడగాలనుకున్నారో వినండి. మీకు వంద సీన్లు దొరుకుతాయి.

ఈసారైనా ఎవరైనా జవాబిస్తారని ఎదురుచూస్తాను. చర్చ పెడితే కబురు చేయండి, నా ఖర్చులతో నేను హైదరాబాద్ వస్తాను. చెల్లిని కూడా అడిగాను. మొదట రానంది. నిన్న రాత్రి ఫోన్ చేసి, "నన్ను ఏమీ మాట్లాడమని అడగకపోతే వస్తానక్కా, వెనక కూర్చుని వింటాను" అంది.

ఇట్లు,
ఒక తెలుగు అధ్యాపకురాలు,
గుంటూరు జిల్లా